ఎదిగే బిడ్డకు మంచం, బల్ల, కుర్చీ, దీపం



రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని షూనేము స్త్రీ సంగతి మనందరికీ తెలిసినదే. దైవజనుడైన ఎలీషా తమ ఊరి మీదుగా వచ్చి పోతూ ఉంటే, ఆయన కోసం ఆమె మిద్దె మీద ఒక చిన్న గది సిద్ధం చేయించింది. అందులో పెట్టించినవి నాలుగే వస్తువులు: పడుకోవడానికి మంచం, ముందర ఒక బల్ల, కూర్చోవడానికి పీట, ఒక దీపస్తంభం. ఆమె కలిగిన ఇంటి ఇల్లాలే. అయినా గదిని సామానుతో నింపలేదు. మనిషికి ఏమి అవసరమో ఆలోచించి అంతవరకే పెట్టింది.

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరిచే రోజులు వచ్చేసరికి మమ్మల్ని తల్లిదండ్రులు ఇదే విషయం అడుగుతూ ఉంటారు. "సిస్టరమ్మా, మా పిల్లోడు ఒక్కసారిగా పొడుగైపోయినాడు, వానికి ఎట్లాంటి మంచం కొనేది?" అని ఒకరు, "మెత్తటి పరుపు మీద పండుకుంటే నడుము వంగిపోతుందంట గదా?" అని ఇంకొకరు. కొందరు అప్పు చేసి పెద్ద బీరువా, అద్దాల బల్ల కొంటారు. బిడ్డ మాత్రం నేల మీద చాప వేసుకుని, సరైన వెలుతురు లేకుండా చదువుతూ ఉంటాడు. అందుకే 11 నుంచి 18 ఏళ్ల పిల్లలకు పడక, చదువుకునే చోటు ఎలా అమర్చాలో ఈ నెల వివరిస్తున్నాము. అద్దె ఇంట్లో ఒకే గదిలో కాపురం ఉండేవారికి కూడా పనికివచ్చేలా వ్రాశాము.

ఈ వయసు ప్రత్యేకత ఏమిటి?

ఆడపిల్లలు సుమారు 10 నుంచి 14 ఏళ్ల మధ్య, మగపిల్లలు 12 నుంచి 16 ఏళ్ల మధ్య వేగంగా ఎదుగుతారు. ముందు కాళ్లు, చేతులు సాగుతాయి. తరువాత వెన్ను పెరుగుతుంది. నిరుడు సరిపోయిన కుర్చీ ఈ ఏడు సరిపోదు. ఎదుగుదలకు కావలసిన హార్మోను గాఢ నిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు.

ఇంకొక సంగతి. ఈ వయసులో శరీరంలోని గడియారం కాస్త వెనక్కు జరుగుతుంది. రాత్రి పది దాటినా నిద్ర రాదు, తెల్లవారితే లేవబుద్ధి కాదు. తల్లిదండ్రులు దీనిని సోమరితనం అనుకుని తిడతారు. ఇది చాలావరకు వయసు లక్షణమే. తిట్టడం కంటే, త్వరగా నిద్ర పట్టేటట్లు పడకను, వెలుతురును సవరించడం మేలు.

మంచం: నేల కంటే ఎత్తు ఎందుకు?

నేల మీద పడుకుంటే నడుముకు మంచిదని మన పెద్దలు అంటారు. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో దీనికి ఒక ప్రమాదం తోడై ఉంది. అది కట్లపాము. ఈ పాము రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకలను, బల్లులను, చిన్న పాములను వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది. నేల మీద నిద్రించేవారు కదిలినప్పుడు కాటు వేస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. కాటు గుర్తు కనబడకపోవచ్చు. వాపు, నొప్పి పెద్దగా ఉండవు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, గొంతు పట్టేసిందంటాడు. తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేడు, చివరకు ఊపిరి అందదు. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుని సోడా త్రాగిస్తూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి.

2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. వారిలో పావు వంతుకు పైగా 15 ఏళ్ల లోపు పిల్లలే. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాబట్టి పల్లెలో మంచం అన్నది సౌఖ్యం కోసం కొనే వస్తువు కాదు, ప్రాణానికి కాపు.

మంచం విషయంలో ఇవి చూసుకోండి.

1. ఎత్తు సుమారు ఒకటిన్నర అడుగు ఉండాలి. బిడ్డ అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి.

2. పొడవు బిడ్డ ఎత్తు కంటే కనీసం అర అడుగు ఎక్కువ ఉండాలి. 12 ఏళ్ల బిడ్డకు ఇప్పటి కొలతకు చేయిస్తే మూడేళ్లలో కాళ్లు బయటికి వస్తాయి. ఆరుంపావు, ఆరున్నర అడుగుల మంచం పెళ్లి ఈడు వరకు వస్తుంది. వెడల్పు మూడడుగులు చాలు.

3. దోమతెర కట్టడానికి నాలుగు మూలలా కమ్ములు లేదా గోడకు మేకులు ఉండాలి. తెర అంచులను పరుపు కిందికి చుట్టూ దోపాలి. ఊరికే వేలాడదీస్తే దోమా ఆగదు, పామూ ఆగదు. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది కాబట్టి, మధ్యాహ్నం పడుకునే పిల్లలకు కూడా తెర వేయండి.

4. మంచాన్ని గోడకు జానెడు దూరంగా వేయండి. దుప్పటి నేలకు తాకేలా వేలాడకూడదు. మంచం కింద ధాన్యం, శెనక్కాయల మూటలు పెట్టకండి. అవి ఉన్నచోటికి ఎలుకలు, వాటి వెంట పాములు వస్తాయి.

5. కొయ్య మంచమా, ఇనుప మంచమా అంటే రెండూ మంచివే. కొయ్య మంచం సందుల్లో నల్లులు చేరతాయి. నెలకొకసారి సందుల్లో మరిగే నీళ్లు పోసి ఎండబెట్టండి. ఇనుప మంచానికి పదునైన మూలలు, ఊడిన వెల్డింగు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. నవారు మంచం ఉన్నవారు కొత్తది కొనే పని లేదు. నవారు వదులై ఊయలలాగా కుంగితే బిగించి అల్లించండి.

ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో ఒకదానిపై ఒకటి ఉండే అంతస్తుల మంచాలు ఇప్పుడు కొంటున్నారు. స్థలం కలిసివస్తుంది, నిజమే. అయితే ఆరేళ్ల లోపు పిల్లలను పై మంచం మీద పడుకోబెట్టకూడదు. పై మంచానికి నాలుగు వైపులా, పరుపు పైన కనీసం ఐదు అంగుళాలు లేచే కటకటాలు ఉండాలి. అన్నిటికంటే ముందు పైకప్పు ఫ్యాను ఎక్కడుందో చూడండి. పై మంచం మీద బిడ్డ లేచి కూర్చుని చెయ్యి చాపితే ఫ్యాను రెక్క అందే గదిలో ఆ మంచం వేయనే వద్దు.

ఎండాకాలంలో మిద్దె మీద పడుకునే ఇళ్లు మన వైపు ఎక్కువ. క్రొత్త ఇంటికి పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలోనే ఆజ్ఞ ఉంది. నిద్రమత్తులో లేచి నడిచే పిల్లలకు ఆ గోడే రక్ష. పిట్టగోడ లేని మిద్దె మీద పిల్లలను పడుకోబెట్టవద్దు.

పాము కరిచిందని అనుమానం వస్తే

బిడ్డను కదలనివ్వకుండా పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. కాటు పడిన కాలికి లేదా చేతికి విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దకట్టు వేయండి. తాడుతో బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం చేయవద్దు. 108కి ఫోను చేసి దగ్గరి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి. విరుగుడు ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. పామును పట్టి తేవలసిన పని లేదు. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది.

పరుపు, దిండు

గట్టి పలక మీద పడుకుంటేనే నడుము బాగుంటుందన్న మాట పూర్తిగా నిజం కాదు. 2003లో స్పెయిన్ దేశంలో, చాలా కాలంగా నడుము నొప్పి ఉన్న 313 మంది పెద్దవారికి రెండు రకాల పరుపులు ఇచ్చి చూశారు. మరీ గట్టి పరుపు వాడినవారి కంటే, ఓ మోస్తరు గట్టిగా ఉన్న పరుపు వాడినవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. కాబట్టి పరుపు బల్లలాగా ఉండకూడదు, గుంట పడేలాగానూ ఉండకూడదు. కొనేటప్పుడు బిడ్డను వెంట తీసుకువెళ్లి, పక్కకు తిరిగి పడుకోమనండి. వెన్ను తిన్నగా ఉంటే ఆ పరుపు సరిపోయినట్టే.

కొబ్బరి పీచు పరుపు మన ఎండలకు చల్లగా ఉంటుంది. బూరుగు దూది పరుపు కూడా మంచిదే, కాని దూది ఉండలు కడుతుంది కాబట్టి అప్పుడప్పుడు ఏకించాలి. ఫోము పరుపు వేడి పట్టి ఉంచుతుంది. ఏదైనా సరే, ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్లలో దుమ్ము పురుగుల సంగతి మరువకండి. ఇవి కంటికి కనబడవు. పరుపులో, దిండులో ఉండి ఆయాసాన్ని పెంచుతాయి. దుప్పటి, దిండు గలీబులను వారానికొకసారి వేడినీళ్లలో ఉతకండి. పరుపును, దిండును తరచుగా మంచి ఎండలో వేయండి. దిండు పలుచగా, తల మెడకు తిన్నగా ఉండేంత ఎత్తు చాలు.

బల్ల, కుర్చీ: కొలత బిడ్డదే కావాలి

పిల్లల మెడనొప్పి, భుజం నొప్పి అని తీసుకువచ్చినప్పుడు మేము మొదట అడిగేది, ఎక్కడ కూర్చుని చదువుతున్నాడని. మంచం మీద బోర్లా పడుకుని, లేదా పెద్దలు భోజనం చేసే బల్ల దగ్గర కాళ్లు వేలాడేసుకుని అనే జవాబే తరచుగా వస్తుంది. పెద్దల బల్ల మామూలుగా 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. నాలుగున్నర అడుగుల బిడ్డకు అది ఎక్కువ. భుజాలు పైకెత్తి వ్రాయాలి.

కొలత తీయడం సులభం. బిడ్డను కుర్చీ ముందర నిలబెట్టండి. కుర్చీ పీట మోకాలి చిప్పకు కాస్త కిందికి రావాలి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. పీట అంచుకు, మోకాలి వెనక భాగానికి మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. ఇప్పుడు చేతులు కిందికి వదిలి మోచేతులు మడవమనండి. బల్ల పైభాగం ఆ మోచేతి మట్టానికి, లేదా అంగుళం పైకి ఉంటే సరి.

ఆచారి చేత చేయించుకునేవారికి అంకెలు కావాలి గదా. యూరప్ దేశాల బడి సామాను కొలతలు ఇలా ఉన్నాయి. 4 అడుగుల 4 అంగుళాల నుంచి 5 అడుగుల 2 అంగుళాల వరకు ఎత్తున్న పిల్లలకు కుర్చీ పీట 15 అంగుళాలు, బల్ల 25 అంగుళాలు. అంతకు మించి 5 అడుగుల 9 అంగుళాల వరకు పీట 17, బల్ల 28 అంగుళాలు. బల్ల కాళ్లు 28 అంగుళాలకు చేయించి, ఇప్పుడు కుర్చీ మీద మడిచిన దుప్పటి, పాదాల కింద ఒక చెక్క పలక వేయండి. బిడ్డ ఎదిగేకొద్దీ ఆ రెండూ తీసేయవచ్చు. ఒకే ఖర్చుతో కాలేజీ చదువు వరకు గడుస్తుంది.

చక్రాల కుర్చీలు, తోలు కుర్చీలు అవసరం లేదు. వీపు ఆనేటట్లుండే మామూలు ప్లాస్టిక్ కుర్చీ చాలు. నడుము దగ్గర వెలితిగా ఉంటే చుట్టిన తువ్వాలు పెట్టుకోవచ్చు. నేల మీద కూర్చుని వ్రాతబల్ల వాడుకునే అలవాటు కూడా తప్పు కాదు, వీపు గోడకు ఆనుకుంటే చాలు. ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నొప్పి వస్తుంది. అరగంటకొకసారి లేచి, నీళ్లు త్రాగి, నాలుగడుగులు వేయమనండి.

వంగి కూర్చోవడం వల్ల వెన్ను పక్కకు వంకర పోతుందని కొందరు భయపడతారు. ఎదిగే వయసులో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో వెన్ను పక్కకు వంగుతుంది. చాలామందిలో దానికి కారణం కుర్చీ కాదు, పుస్తకాల సంచీ కాదు. తల్లి ఇంట్లోనే చూడవచ్చు. బిడ్డను పాదాలు చేర్చి నిలబడి, రెండు చేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క గూనిలాగా ఎత్తుగా కనబడితే ఎముకల వైద్యుడికి చూపించండి. ఎదుగుదల ఆగకముందే కనుగొంటే వైద్యం సులువు.

దీపం, కిటికీ

కుడిచేతితో వ్రాసే బిడ్డకు దీపం ఎడమ వైపు, ఎడమచేతి వాటం ఉన్నవారికి కుడి వైపు ఉండాలి. అప్పుడు చేతి నీడ పుస్తకం మీద పడదు. వీపు వెనక ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే తల నీడలో చదువుతారు. చిన్న టేబుల్ లైటు పెట్టించండి. మసక వెలుతురులో చదివితే కళ్లు అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. అయితే దగ్గరి చూపు కళ్లద్దాలు రాకుండా ఉండటానికి ఇంటి దీపం కంటే బయటి వెలుతురు ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో చేసి 2015లో ప్రకటించిన పరిశోధనలో, బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లకు నూటికి 30 మందికి, మామూలుగా ఉన్నవారిలో నూటికి 39 మందికి పైగా ఆ దోషం వచ్చింది. సాయంత్రం ఆటలు మానిపించి ట్యూషనుకు పంపే తల్లిదండ్రులు ఇది ఆలోచించాలి.

పడక గదికి కిటికీ తప్పక ఉండాలి, దానికి జాలీ కొట్టించాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషనులు కలిసి 1915లో ప్రారంభించిన క్షయ ఆసుపత్రి పేరు మన పెద్దలకు తెలుసు. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారమే వైద్యం. తరువాత మందులు వచ్చాయి. మద్రాసులో జరిగి 1959లో వెలువడిన పరిశోధన, ఇంట్లోనే ఉండి మందులు వాడిన రోగులు కూడా ఆసుపత్రిలో ఉన్నవారిలాగే కోలుకుంటారని చూపింది. అంటే ఆసుపత్రి వార్డుకు ఉండవలసిన గాలి ఇప్పుడు మన ఇంటి గదికి కావాలి. బీరువాను కిటికీకి అడ్డంగా పెట్టకండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి.

బీరువా, అరలు, రంగు

పొడుగాటి బీరువా, టీవీ అర ముందుకు ఒరిగితే కింద ఉన్న బిడ్డ మీద పడుతుంది. పై భాగాన్ని గోడకు బిగించండి. బరువైనవి కింది అరల్లో పెట్టండి. సేద్యం చేసే కుటుంబాలకు ఒక మనవి. పురుగుమందు డబ్బాలు మంచం కింద, పిల్లల గది అటకమీద ఉంచే అలవాటు మానండి. వాటిని పిల్లలు పడుకునే చోటికి దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉంచండి.

పాత మంచానికి, బీరువాకు రంగు వేయించేటప్పుడు జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో ప్రభుత్వం చేసిన నియమం 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. పాత రంగును ఇంటి లోపల గీకితే ఆ పొడి పిల్లల కడుపులోకి పోతుంది. బయట, తడిపి గీకించండి.

చాటు, తలుపు, ఫోను

ఎదిగే బిడ్డకు చాటు అవసరం. వేరే గది లేకపోతే ఒక మూల తెర కట్టండి. ఆడపిల్లకు నెలసరి బట్టలు, ప్యాడ్లు పెట్టుకోవడానికి తనదైన ఒక అర ఇవ్వండి. మగపిల్లల దుప్పటి మరకలను చూసి ఎగతాళి చేయకండి. అది వయసు ధర్మం. అవ్వ, తాత ఉన్న ఇళ్లలో పెద్దలు కూడా పిలిచి లోపలికి వెళ్లడం అలవాటు చేసుకుంటే బిడ్డ గౌరవం నేర్చుకుంటాడు.

గదికి గడియ ఉండవచ్చు, కాని అవసరమైతే బయటినుంచి తీయగలిగినది పెట్టించండి. సెల్ ఫోను రాత్రి గది బయట ఛార్జింగు పెట్టాలి. పెద్దలవి కూడా అక్కడే పెడితే పిల్లలు మాట వింటారు. పరుపు మీద, దిండు కింద ఛార్జింగు పెడితే వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

బిడ్డ రోజుల తరబడి తలుపు వేసుకుని, అన్నం మాని, నిద్ర లేక, "నేను ఉండి ఏం లాభం" అంటే దానిని మొండితనంగా కొట్టివేయకండి. పరీక్షలు, ఫలితాల రోజుల్లో మరింత గమనించండి. పక్కన కూర్చుని, చనిపోవాలని అనిపిస్తోందా అని నెమ్మదిగా నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు, మనసులోని బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత ఫోను 14416లో రాత్రింబగళ్లు తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, వైద్యుడి దగ్గరికీ తీసుకురండి. రెండూ కలిసి సాగవలసినవే.

డబ్బు కొంచెమే ఉంటే ఏది ముందు?

మొదట నేల కంటే ఎత్తున్న పడక, దోపిన దోమతెర. రెండవది చదువుకోవడానికి దీపం. మూడవది బిడ్డ కొలతకు సరిపడే కుర్చీ, పాదాల కింద పలక. నాలుగవది పరుపు. అద్దం, బీరువా, రంగురంగుల తలుపులు చివరికి. కొనేముందు బిడ్డను కూడా అడగండి. తాను ఎంచుకున్న మంచాన్ని, బల్లను బిడ్డ శుభ్రంగా ఉంచుకుంటాడు.

బిడ్డ ఎత్తు, మోకాలి కొలత ఒక కాగితం మీద వ్రాసి తెస్తే, బల్లకు, కుర్చీకి ఎంత ఎత్తు ఉండాలో మా నర్సులు ఉచితంగా చెబుతారు. బయటి రోగుల విభాగంలో ఉదయం అడగండి. మీ బిడ్డల నిద్రను, ఎదుగుదలను ప్రభువు కాపాడును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున